నూరు దిర్హమ్‌లకు నూరు పక్షులు: పెరట్లోనే ఉంది లెక్కల సరదా

తుంగభద్ర ఒడ్డున ఉన్న మన ఆలంపూర్‌లో, పెరడున్న ఇంట్లో నాలుగు నాటుకోళ్లో, ఒక జత కబూతర్లో కనబడటం మామూలే. కోడి కింద గుడ్లు పెట్టిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టే దాదీ, బాతు గుడ్లయితే 28 రోజులని వెంటనే చెప్పేస్తుంది. రెండు రకాలూ ఒకే కోడి కింద పెడితే? బాతు గుడ్లు ఏడు రోజులు ముందే పెట్టాలి. అప్పుడే పిల్లలన్నీ దాదాపు ఒకేసారి బయటికొస్తాయి. ఇది లెక్క కాక మరేమిటి? అయినా అదే ఇంట్లో పిల్లలు మ్యాథ్స్ పేరు ఎత్తగానే "మనకు రాదు" అంటారు.

నిజానికి పక్షులతో లెక్కలు నేర్పడం చాలా పాత పద్ధతి. సుమారు 1,100 ఏళ్ల క్రితం ఈజిప్టులో అబూ కామిల్ అనే గణిత పండితుడు ఉండేవారు. అల్ ఖ్వారిజ్మీ మొదలుపెట్టిన అల్ జబ్ర్‌ను, అంటే నేటి ఆల్జీబ్రాను, ఆయన ఇంకా ముందుకు తీసుకెళ్లారు. పక్షుల కొనుగోలు లెక్కల మీదే ఒక చిన్న పుస్తకం రాశారు. అందులో ఒక లెక్క ఇది:

బాతు ఒకటి 5 దిర్హమ్‌లు. కోడి ఒకటి 1 దిర్హమ్. పిచ్చుకలు 20 కలిపి 1 దిర్హమ్. సరిగ్గా 100 దిర్హమ్‌లకు సరిగ్గా 100 పక్షులు కొనాలి. మూడు రకాలూ ఉండాలి.

ఎక్స్, వై లేకుండానే చేయొచ్చు. ముందు నూరూ కోళ్లే కొన్నామనుకోండి. 100 పక్షులు, 100 దిర్హమ్‌లు, లెక్క సరిపోయింది. ఇప్పుడు ఒక కోడిని తీసి బాతును పెడితే ఖర్చు 4 పెరుగుతుంది. 20 కోళ్లను తీసి 20 పిచ్చుకలను పెడితే ఖర్చు 19 తగ్గుతుంది. పెరిగినదీ, తగ్గినదీ సమానం కావాలి. 4తోనూ 19తోనూ భాగించబడే చిన్న సంఖ్య 76. అంటే 19 బాతులు, నాలుగు ఇరవైలు 80 పిచ్చుకలు. మొత్తం 99. మిగిలింది ఒక్క కోడి! ఖర్చు 95 + 4 + 1 = 100. దీనికి ఇంకో జవాబు లేదు.

రకాలు పెరిగితే కథ మారుతుంది. ఐదు రకాల పక్షులున్న ఇంకో లెక్కకు 2,676 జవాబులున్నాయని అబూ కామిల్ తేల్చారు. కాల్‌క్యులేటర్ లేని రోజుల్లో!

ఇలాంటి లెక్కే మన దక్కన్‌లోనూ ఉంది. సుమారు 850లో మహావీరాచార్యుడు రాసిన 'గణితసారసంగ్రహం'లో ఒకతను రాకుమారుడి వినోదం కోసం 100 పణాలకు 100 పక్షులు తేవాలి. 3 పణాలకు 5 పావురాలు, 5కు 7 సారసాలు, 7కు 9 హంసలు, 9కి 3 నెమళ్లు. ఒక జవాబు: 15 పావురాలు, 28 సారసాలు, 45 హంసలు, 12 నెమళ్లు. కూడి చూసుకోండి. ఈ గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చారు. అంటే లెక్కలు అరబీలోనూ ఉన్నాయి, తెలుగులోనూ ఉన్నాయి. రెండు వైపుల నుంచీ మనకు వారసత్వమే. "మనకు రాదు" అనే మాటకు చోటెక్కడిది?

ఈ రాత్రి ఖానా అయ్యాక పిల్లలను, ముఖ్యంగా బిడ్డలను పక్కన కూర్చోబెట్టుకుని ఇది అడగండి. చైనాలో 5వ శతాబ్దం నాటి లెక్క. పుంజు 5 రూపాయలు, పెట్ట 3 రూపాయలు, కోడిపిల్లలు మూడు కలిపి ఒక రూపాయి అనుకోండి. 100 రూపాయలకు 100 కావాలి, మూడు రకాలూ ఉండాలి. జవాబులు మూడున్నాయి. ఒకటి చెబుతాం: 4 పుంజులు, 18 పెట్టలు, 78 పిల్లలు. మిగతా రెండూ పిల్లలనే వెతకనివ్వండి. చిన్న సాయం: ఒక జవాబు నుంచి ఇంకో జవాబుకు పుంజులు నాలుగేసి పెరుగుతాయి.