ఫ్రిజ్‌లో కూర్మారావు!

జర్మనీలో చలికాలం ఎవరింటికైనా వెళ్లారా? బేస్‌మెంట్‌లో రెండో ఫ్రిజ్ కనిపిస్తే కూల్‌డ్రింక్ ఉందేమో అని తలుపు తీసేయకండి. లోపల తాబేలు నిద్రపోతూ ఉండొచ్చు. జోక్ కాదు!

ఉద్యోగం కోసం స్టట్‌గార్ట్ వచ్చిన కొత్తలో అద్దెకు ఫ్లాట్ దొరక్క, రిటైరైన ఓ దంపతుల ఇంట్లో ఒక గదిలో ఉన్నా. వాళ్లతోపాటు ఆ ఇంట్లో ఇంకో పెద్దమనిషి ఉండేవాడు... హెర్మాన్ జాతి తాబేలు. ఈ జాతిది మధ్యధరా సముద్ర తీరం. మాది శ్రీకాకుళం జిల్లా కదా, నేను దానికి కూర్మారావు అని పేరు పెట్టేశా. ఓనరాంటీకి ఎనిమిదేళ్లప్పుడు వాళ్ల నాన్న కొనిచ్చారట. ఆవిడ పెళ్లి, పిల్లలు, మనవలు... అన్నీ చూసేసింది!

మరి ఫ్రిజ్ ఎందుకంటారా? ఈ తాబేళ్లు చలికాలంలో నాలుగైదు నెలలు నిద్రపోతాయి. ముందు తిండి ఆపేసి, గోరువెచ్చటి నీళ్లలో స్నానం చేయించి కడుపు ఖాళీ చేయిస్తారు. తర్వాత మట్టి, ఎండుటాకులు నింపిన పెట్టెలో పెడతారు. ఉష్ణోగ్రత 4 నుంచి 6 డిగ్రీల మధ్య ఉండాలి. సున్నా కిందికి పోతే గడ్డకట్టి చనిపోతుంది. బాగా పెరిగితే సగం మెలకువ వచ్చి, తిండి లేకుండానే ఒంట్లో కొవ్వు కరిగిపోతుంది. ఇప్పుడు హీటర్ల వల్ల బేస్‌మెంట్లు కూడా వెచ్చగా ఉంటున్నాయి. అందుకే ఫ్రిజ్! గాలి కోసం వారానికోసారైనా తలుపు తీయాలి. అప్పుడప్పుడూ తూకం వేయాలి. బరువు పదో వంతు తగ్గిందంటే వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సిందే.

జనవరిలో వాళ్లిద్దరూ కూతురి ఊరెళ్తూ కూర్మారావుని నాకు అప్పగించారు. ఓ అర్ధరాత్రి ఫోన్‌కి అలర్ట్... ఫ్రిజ్‌లో 9 డిగ్రీలు! మోటార్ ఆగిపోయింది. ఆఫీసులో సర్వర్ డౌన్ అయినప్పుడు కూడా అంత కంగారుపడలేదు. బయట మైనస్ 5, నా గదిలో 20. ఎక్కడ పెట్టినా ప్రమాదమే. ఆంటీకి ఫోన్ చేస్తే, “వంటింటి ఫ్రిజ్ ఖాళీ చెయ్యి. థర్మామీటర్ పెట్టి చూసుకుంటూ ఉండు” అన్నారు. నా ఆవకాయ, పెరుగు బాల్కనీలోకి, కూర్మారావు వంటింటి ఫ్రిజ్‌లోకి! అంకె 5 దగ్గర నిలబడేసరికి తెల్లారింది.

మార్చిలో పెట్టె బయటికి తీశాం. గోరువెచ్చటి నీళ్లలో దించితే ముందు కాళ్లు కదిలాయి, తర్వాత తల బయటికొచ్చింది. గుటకలు వేస్తూ నీళ్లు తాగుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. తోకాడించదు, పిలిస్తే రాదు. అయినా ఆ ఇంట్లో దానికి ఓ ఫైలుంది. యూరప్‌లో ఈ జాతిని పెంచాలంటే కాగితాలు తప్పనిసరి. డిప్ప మీది గీతల ఫొటోలే దాని ఆధార్ కార్డు! తన తర్వాత అది మనవరాలికి చెందాలని ఆంటీ వీలునామాలో కూడా రాసేశారు.

మా శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లుంటాయి. వాటి గురించి చెబితే ఆంటీ ఆసక్తిగా విన్నారు. ఇవే తాబేళ్లను మన దగ్గర కొందరు ‘కలిసొస్తుంది’ అని దొంగచాటుగా కొని ఇంట్లో పెట్టుకుంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. 2019లో వీటి అంతర్జాతీయ వ్యాపారాన్నీ నిషేధించారు. ఎవరైనా అమ్ముతున్నట్టు తెలిస్తే అటవీశాఖకు చెప్పండి.

చట్టం ఒప్పుకునే పెంపుడు జంతువైనా సరే, తెచ్చుకునే ముందు ఆంటీ అడిగే ప్రశ్న ఒక్కసారి వేసుకోండి... “నువ్వు లేనప్పుడు దీన్ని ఎవరు చూస్తారు?”