విజ్ఞానసర్వస్వమునందు చలనచిత్ర వ్యాసము

చలనచిత్రమును గూర్చి వ్రాయువారు మూడు విధముల వారు. ప్రకటనకర్త చిత్రమును పొగడును. విమర్శకుడు గుణదోషములను వివేచించును. విజ్ఞానసర్వస్వ వ్యాసకర్త తెలిసిన విషయమును, అది తెలిసిన విధమును చెప్పి విరమించును. ఈ మూడవవాని పని సులభమని తోచును. కాని కాలము, స్థలము అను రెండు సామాన్యాంశముల యందే అది యెంత కఠినమో తేటపడును.

మొదట కాలమును పరిశీలింతము. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వమున వెలువడిన 'భక్త ప్రహ్లాద' తొలి పూర్తి తెలుగు టాకీ. ఇది 1931 సెప్టెంబరు 15వ తేదీన విడుదల యయ్యెనని చిరకాలము వ్రాయబడుచు వచ్చెను. ఒకరు వ్రాసినదానిని వేఱొకరు గ్రహించుటచే ఆ తేదీకి ప్రామాణ్యము కలిగెను. పాత్రికేయులు రెంటాల జయదేవ ఆనాటి ఆధారములను శోధించి, చిత్రమునకు సెన్సారు అనుమతి 1932 జనవరి 22న లభించెననియు, బొంబాయి కృష్ణా సినిమాలో 1932 ఫిబ్రవరి 6న విడుదల యయ్యెననియు వెల్లడించిరి. ఈ తేదీ మాఱుటతో, కొంత తెలుగును గలిగి 1931 అక్టోబరు 31న వచ్చిన 'కాళిదాస్' దీనికంటె ముందరిదని స్పష్టమైనది. చరిత్రక్రమమే మాఱినది!

ఇట్టిచో రెండు తేదీలను సరిసమానముగ నిలిపి యూరకుండుట తాటస్థ్యము కాదని మా యభిప్రాయము. సాక్ష్యము గల తేదీని స్వీకరించి, పాత తేదీ ప్రచారమున నుండినట్లు ఒక వాక్యమున తెలుపవలెను.

స్థలనిర్దేశమునకును ఇట్టి జాగరూకతయే వలయును. ఒక చిత్రము 'గన్నవరము'న తీయబడెనని యున్న దనుకొందము. విమానాశ్రయము గల గన్నవరము కృష్ణా జిల్లాలోనిది, వైనతేయతీరమునందలి పి.గన్నవరము కోనసీమలోనిది, అన్నదాత్రి డొక్కా సీతమ్మగారి లంకల గన్నవరము ఈ పి.గన్నవరము మండలముననే వేఱొక గ్రామము. పి.గన్నవరము 2022 వరకు తూర్పుగోదావరి జిల్లాలోనుండి, పిమ్మట కోనసీమ జిల్లాలో చేరినది. అచటి వైనతేయముపై అక్విడక్టులును రెండు: ఒకటి 19వ శతాబ్ది నాటిది, సీతమ్మగారి పేరిటిది 2000లో ఏర్పడినది. తెరపై రెండవది కనబడినచో ఆ దృశ్యము అంతకు పూర్వము తీయబడినది కానేరదు. ఊరిపేరు వ్రాయుటకును ఇంత విచారణ కావలసియున్నది.

ఇక గుణకథనము. 'అఖండ విజయము', 'అపూర్వ నటన' వంటి మాటలు వ్యాసకర్త సొంతమాటలుగా నుండరాదు. చిత్రము ఏ కేంద్రమున నెన్ని దినములు ఆడినదో, ఆ సంఖ్య నెవరు ప్రకటించిరో చెప్పిన చాలును. ప్రశంస గాని నింద గాని పేర్కొనదగినచో, అది యే విమర్శకునిదో, ఏ పత్రికలోనిదో తెలుపవలెను. ఆధారము దొరకని సంగతిని విడిచిపెట్టుట లోపము కాదు.

విమర్శకుని పొరపాటును పాఠకుడు అభిప్రాయభేదముగ నెంచి క్షమించును. విజ్ఞానసర్వస్వమునందలి పొరపాటును అతడు సత్యముగ గ్రహించి యితరులకు అందించును. తాటస్థ్యము ఆవశ్యకమగుట ఇందువలననే.