సూది గుచ్చుకుంటే దాచవద్దు

బీడీఎస్ విద్యార్థులు తొలి ఏడాది మైనపు దిమ్మెలపై దంతాకృతులు చెక్కుతారు. రెండో ఏడాది ఫాంటమ్ హెడ్ అనే కృత్రిమ శిరస్సుపై డ్రిల్లింగ్ సాధన చేస్తారు. మూడో ఏడాది నుంచి రోగులకు చికిత్స చేస్తారు. ముప్పు పొంచి ఉండేది ఇక్కడే.

మత్తు సూదికి రెండు చేతులతో మూత బిగించబోతే వేలికి గుచ్చుకునే ప్రమాదముంది. మూతను ట్రేలోనే ఉంచి, ఒంటి చేత్తో సూదిని అందులోకి జొనపాలి. ఒకవేళ గుచ్చుకుంటే గాయాన్ని పిండకుండా సబ్బునీటితో కడిగి, తక్షణమే అధ్యాపకులకు తెలియజేయాలి. మందలిస్తారని దాచిపెడితే విలువైన సమయం వృథా అవుతుంది. వైద్యులు అవసరమని తేల్చితే హెచ్‌ఐవీ నిరోధక మందులను 72 గంటల్లోపే ప్రారంభించి, 28 రోజులు వాడాలి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ రోగులను తాకకముందే పూర్తిచేసుకోవడం శ్రేయస్కరం.