కొండబాట మీద కరెంటు సైకిలు

అమెరికాలో డెన్వర్ దగ్గర కూతురింట నాలుగు నెలలుగా ఉంటున్న తెనాలి పాఠకులొకరు పెద్ద ఉత్తరం రాశారు. వయస్సు 63. బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. మధుమేహం ఉంది, రక్తపుపోటుకు మాత్రలు వాడుతున్నారు, మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు. అల్లుడుగారు ఆయన కోసం బ్యాటరీ ఉన్న మౌంటెన్ సైకిలు కొన్నారు. "మీరు తొక్కుతుంటే మోటారు సాయం పడుతుంది మామయ్యగారూ, కొండ కూడా ఎక్కేయొచ్చు" అన్నారట. ఎక్కేశారు. మూడో రోజున ఒక మలుపులో, గుర్రం మీద వస్తున్న ఒక పెద్దావిడకు ఎదురుపడ్డారు. గుర్రం బెదిరి ముందు కాళ్ళు పైకెత్తింది. ఆవిడ పడలేదు గాని, బాట మొదట్లో బోర్డు చూసుకోమని మందలించి వెళ్ళింది. చూస్తే, మోటారు వాహనాలకు ప్రవేశం లేదని ఉంది.

పంతులుగారి ప్రశ్నలు రెండు: ఈ సైకిలు నాకు వ్యాయామమేనా? నేను తొక్కుతున్నది మోటారు వాహనమా?

మొదటిదానికి జవాబు సులువు. వ్యాయామమే. అమెరికాలోని యూటా రాష్ట్రంలో మౌంటెన్ సైకిలు అలవాటున్న 33 మంది చేత ఒకే బాట మీద రెండు రకాల సైకిళ్ళూ తొక్కించి చూశారు. ఆ ఫలితాలు 2019లో వెలువడ్డాయి. మామూలు సైకిలు మీద గుండె ఎంత వేగంగా కొట్టుకుందో, మోటారు సాయం ఉన్నదాని మీద సగటున అందులో సుమారు 94 శాతం వేగంతో కొట్టుకుంది. తొక్కినవాళ్ళకు మాత్రం అంత కష్టపడినట్టు అనిపించలేదు. మోకాళ్ళ నొప్పులవారికి కావలసింది ఇదే గదా! కాకపోతే వాళ్ళు అలవాటున్నవాళ్ళు. మనం కాదు.

రెండో ప్రశ్నే చిక్కు. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఈ సైకిళ్ళను మూడు తరగతులు చేశాయి. పంతులుగారున్న కొలరాడోలో 2017లో ఈ పద్ధతి వచ్చింది. మొదటి తరగతిది తొక్కితేనే సాయం చేస్తుంది, గంటకు 20 మైళ్ళు, అంటే 32 కిలోమీటర్లు దాటగానే సాయం ఆగిపోతుంది. రెండో తరగతిది తొక్కకపోయినా యాక్సిలరేటర్ తిప్పితే పోతుంది. మూడోది తొక్కాలి గాని, 28 మైళ్ళ దాకా సాయపడుతుంది. మనవాళ్ళకు 1972లో వచ్చిన లూనా గుర్తుండే ఉంటుంది. దానికీ పెడల్సుండేవి. పెట్రోలు అయిపోయిన రోజున తప్ప వాటి మీద కాలు ఆనించినవారెవరు? రెండో తరగతి సైకిలు ఆ జాతిది. దాన్ని నడకబాట మీదికి రానివ్వరాదని నా అభిప్రాయం.

మొదటి తరగతి సంగతి ఎవరి నేల మీద ఉన్నారన్నదాన్ని బట్టి మారుతుంది. డెన్వర్ పక్కనే జెఫర్సన్ కౌంటీవారు 2018 నుంచి తమ పార్కుల్లో మట్టిబాటల మీద మొదటి తరగతిని అనుమతించారు. దేశపు అటవీశాఖ భూముల్లో మాత్రం ఇది మోటారు వాహనం కిందే లెక్క. ప్రత్యేకంగా అనుమతించిన బాట అయితేనే వెళ్ళాలి. 1964 చట్టం కింద వన్యప్రాంతాలుగా ప్రకటించినచోట మామూలు సైకిలుకే ప్రవేశం లేదు. కాబట్టి పంతులుగారూ, మీ సైకిలు ఒకచోట సైకిలే, కొంత దూరం పోతే మోటారు బండి. బోర్డు ఏ ఆఫీసువారిదో మీ అమ్మాయి చేత కనుక్కోమనండి.

చట్టం అలా ఉంచి, వైద్యుడిగా ఆలోచించినా ఆ పెద్దావిడ మాటను నేను తోసేయలేను. దిగేటప్పుడు ఏ సైకిలైనా జోరుగానే వస్తుంది, అందులో మోటారు తప్పేమీ లేదు. తేడా ఎక్కేటప్పుడు. మామూలు సైకిలువాడు రొప్పుకుంటూ, ఇంచుమించు మనిషి పరుగు వేగంతో ఎక్కుతాడు. దిగే నడకమనిషికి అతని ఆయాసం ముందే వినిపిస్తుంది, పక్కకు తప్పుకునే వ్యవధి ఉంటుంది. మోటారు సాయం ఉన్నవాడు అదే ఎత్తును రెట్టింపు వేగంతో ఎక్కగలడు, పెద్దగా చప్పుడు చెయ్యడు. నడిచేవారిలో వినికిడి తగ్గినవారుంటారు, ఎముకలు గుల్లబారినవారుంటారు. వారు తుళ్ళిపడి తుంటి విరిగితే నెలల తరబడి మంచమే. మీ గుండెకు ఆ గాలి ఎంత అవసరమో ఆవిడ నడుముకూ అంతే అవసరం.

ఇంకో సంగతి. ఇంతకాలం కొండ మీద కాపలాదారు అలసటే. ఒంట్లో లేనివాడు సగంలో వెనక్కి తిరిగేవాడు. మోటారు ఆ కాపలాను తీసేసింది. డెన్వరే సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున ఉంది, కొండబాటలు ఇంకా పైన. అక్కడ గాలి పల్చన. ఇంటికి రెండు గంటల దూరాన బ్యాటరీ అయిపోతే, ఇరవై కిలోలకు పైబడిన సైకిలును మధుమేహం ఉన్న 63 ఏళ్ళ మనిషి తోసుకు రావాలి.

అందుకని నా సలహా: మొదటి తరగతి సైకిలును, మామూలు సైకిళ్ళను ఇప్పటికే రానిచ్చే వెడల్పైన బాటల మీద, మలుపు అవతల మనిషి కనిపించేచోట, వేగానికి హద్దు పెట్టి రానివ్వవచ్చు. మనిషీ గుర్రమూ ఒరుసుకుని తప్పుకోవలసిన ఇరుకు బాటల మీద వద్దు. మోకాళ్ళు లేనివారి ముఖం చూసి ఆ బాటలూ తెరవమంటారు కొందరు. నాకు వారి మీద జాలే గాని, ఆ వాదన ఎక్కువగా వినిపించేది పాతికేళ్ళ కుర్రాళ్ళ నోట.

పంతులుగారికి మరికొన్ని మాటలు. బయల్దేరేముందు గుండె పరీక్ష చేయించుకోండి. రక్తపుపోటు మాత్ర బీటా బ్లాకర్ జాతిదైతే నాడి లెక్కపెట్టి ప్రయోజనం లేదు, ఎంత శ్రమపడ్డా అది అంతగా పెరగదు. పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన శ్రమ. ఛాతీలో బరువుగా ఉన్నా, కళ్ళు తిరిగినా వెంటనే దిగండి. మధుమేహపు మాత్రల్లో కొన్ని శ్రమలో చక్కెరను బాగా దించేస్తాయి, జేబులో గ్లూకోజు బిళ్ళలుండాలి. సీటు ఎత్తు సరిచేయించండి: పెడల్ పూర్తిగా కింద ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. హెల్మెట్ లేకుండా గుమ్మం దాటవద్దు. బ్యాటరీ సగం కాకముందే వెనక్కి తిరగండి.

ఈసారి గుర్రం ఎదురైతే ఆగి, దిగి, బాటకు పల్లపు వైపున నిలబడండి. గట్టిగా పలకరించండి. గొంతు వింటే, వచ్చింది మనిషేనని గుర్రం తెలుసుకుంటుంది. తెలుగులో పలకరించినా ఫరవాలేదు.