సైనిక చాప్లెయిన్: జెఫ్రీ స్టడర్ట్ కెన్నెడీ

విద్యార్థులారా! మొదటి ప్రపంచ యుద్ధాన్ని ఆయా దేశాల చర్చిలు చాలావరకు సమర్థించాయి. అలా సమర్థించి, యుద్ధరంగానికి వెళ్ళి, మరో మనిషిగా తిరిగివచ్చిన ఒక మతగురువు జీవితాన్ని ఇక్కడ పరిశీలిద్దాం.

ముందుగా ఒక పదం. సైన్యంతో ఉంటూ ప్రార్థనలు జరిపే, క్షతగాత్రులను ఓదార్చే, మృతులను ఖననం చేయించే మతగురువును చాప్లెయిన్ అంటారు. సైనికులు ఆయనను 'పాద్రే' అని పిలిచేవారు. అధికారి యూనిఫాం ఉంటుంది, ఆయుధం ఉండదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది: ఆయన దేవుని సేవకుడా, సైన్యం ఉద్యోగా?

కెన్నెడీ 1883లో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో, మురికివాడల మధ్య ఉన్న ఒక చర్చి గురువు ఇంట పుట్టాడు. డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో చదివి, 1908లో ఆంగ్లికన్ గురువుగా అభిషేకం పొందాడు. (మన డోర్నకల్ బిషప్ అజరయ్యగారిది కూడా ఆంగ్లికన్ సంప్రదాయమే.) 1914లో వూస్టర్‌లోని ఒక పేద పేటకు విచారణ గురువయ్యాడు.

1915 చివర ఆయన స్వచ్ఛందంగా సైన్యంలో చేరి ఫ్రాన్స్ వెళ్ళాడు. రువాన్ రైల్వే స్టేషన్‌లో, యుద్ధరంగానికి బయలుదేరే సైనికులకు ఒక చేత్తో కొత్త నిబంధన, మరో చేత్తో వుడ్‌బైన్ అనే చౌక సిగరెట్లు పంచేవాడు. అందుకే 'వుడ్‌బైన్ విల్లీ' అనే పేరు వచ్చింది. ఉబ్బసం ఉన్నా తానూ విపరీతంగా సిగరెట్లు కాల్చేవాడు. ఆ రోజుల్లోనే తుపాకి చివర అమర్చే బాయొనెట్ కత్తి ప్రయోజనాన్ని వివరిస్తూ, సైనికులను ఉత్సాహపరిచే ప్రసంగాలు కూడా చేశాడు. ఆయనను కేవలం దయామూర్తిగా చిత్రించే రచనలు ఈ సంగతిని దాటవేస్తాయి, మీరు దాటవేయకండి.

1917లో మెసీన్ వద్ద జరిగిన పోరులో, గుండ్ల వర్షంలో ఫిరంగి గుంతలన్నీ వెతికి, తమవారినే కాక శత్రుపక్షపు క్షతగాత్రులను కూడా చికిత్సా కేంద్రానికి చేర్చడంలో తోడ్పడ్డాడు. దీనికి మిలిటరీ క్రాస్ పతకం లభించింది.

పతకం కన్నా ముఖ్యమైనది ఆయన ఆలోచనలో వచ్చిన మార్పు. గాయపడిన ఒక అధికారి ఆయనను అడిగిన ప్రశ్న: దేవుడు ఎలాంటివాడు? సింహాసనంపై కూర్చుని అన్నీ నడిపించే సర్వశక్తిమంతుడనే జవాబు ఆ శవాల మధ్య ఆయనకే రుచించలేదు. మనుషులతోపాటు బాధపడే దేవుణ్ణి మాత్రమే తాను నమ్మగలనని 1918లో వెలువడిన 'ది హార్డెస్ట్ పార్ట్' గ్రంథంలో వాదించాడు. దేవుడు ఈ యుద్ధాన్ని సంకల్పించాడంటే ఆయన ఒప్పుకోలేదు. సామాన్య సైనికుల యాసలో కవితలు కూడా రాశాడు.

యుద్ధం ముగిశాక ఆయన శాంతివాదం వైపు మళ్ళాడు. ఇండస్ట్రియల్ క్రిస్టియన్ ఫెలోషిప్ తరఫున దేశమంతా తిరిగి, కార్మికుల పేదరికం గురించి మాట్లాడాడు. అలాంటి పర్యటనలోనే లివర్‌పూల్‌లో జబ్బుపడి, 1929 మార్చి 8న, 45 ఏళ్ళకే మరణించాడు. వూస్టర్‌లో జరిగిన అంత్యక్రియలకు పేదలు, మాజీ సైనికులు వీధుల వెంట బారులు తీరారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: బాయొనెట్ గురించి ప్రసంగించిన కెన్నెడీని, 1917లో శత్రుసైనికుణ్ణి కాపాడిన కెన్నెడీని మీరు ఎలా సమన్వయిస్తారు? పది పంక్తుల్లో రాయండి.