‘అంటు’ నుంచి ‘సంక్రమణం’ దాకా: తెలుగు వ్యాధినామాలు – వ్యాప్తిమార్గాల అవగాహన

వ్యాససంగ్రహం:

తెలుగులో సాంక్రామిక వ్యాధులన్నింటినీ ‘అంటువ్యాధులు’ అనే ఒక్క మాటతో వ్యవహరించడం పరిపాటి. స్పర్శను సూచించే ఈ మాట నీరు, గాలి, దోమ, మట్టి ద్వారా వచ్చే వ్యాధులకు కూడా వర్తించడంవల్ల వ్యాప్తిమార్గాల మధ్య ఉన్న భేదం మరుగున పడుతుంది. నివారణ అంటే ప్రధానంగా మార్గాన్ని మూయడమే. మార్గం తెలియనప్పుడు మూయవలసిన దారిని వదిలి, లేని దారిని మూయడం జరుగుతుంది. కొన్ని వ్యాధుల పేర్లను, వాటి వ్యాప్తి విధానాలను పక్కపక్కన ఉంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అంటువ్యాధి, సంక్రమణం, మశూచి, తట్టు, నారికురుపు, చలిజ్వరం, ధనుర్వాతం, కుష్ఠు, భౌతిక దూరం.

1. ప్రవేశిక

‘అంటు’ ధాతువుకు తెలుగులో విస్తృతమైన అర్థపరిధి ఉంది. చేతికి మసి అంటుతుంది, గడ్డివాముకు నిప్పు అంటుకుంటుంది, మామిడికి అంటు కడతారు, తిన్న గిన్నెలు అంట్లవుతాయి. వీటన్నింటిలో సమానంగా కనిపించేది రెండు వస్తువుల ప్రత్యక్ష సంయోగం. ‘సోకు’ ఇంతకంటె సూక్ష్మమైన మాట. ఎండ సోకుతుంది, గాలి సోకుతుంది. కంటికి కనిపించనిది కూడా సోకుతుంది. సంస్కృతం నుంచి వచ్చిన ‘సంక్రమించు’ ఒకచోటి నుంచి మరొకచోటికి దాటడాన్ని తెలుపుతుంది. సూర్యుడు మకరరాశిలోకి సంక్రమిస్తాడు. తాత ఆస్తి మనుమడికి సంక్రమిస్తుంది. వ్యాధుల ప్రసక్తి వచ్చేసరికి ఈ మూడూ పర్యాయపదాలుగా చలామణి అవుతున్నాయి.

వైద్యశాస్త్ర దృష్టిలో ఇవి పర్యాయపదాలు కావు. సూక్ష్మజీవి శరీరంలో ప్రవేశించి వృద్ధిచెందడం సంక్రమణం. రోగి నుంచి మరొకరికి నేరుగా చేరడం అంటు. అంటే వ్యాధులన్నీ సాంక్రామికాలే గాని, సాంక్రామిక వ్యాధులన్నీ అంటేవి కావు. వ్యాధిజనకానికి ఒక నెలవు ఉంటుంది. అది మనిషి కావచ్చు, జంతువు కావచ్చు, మట్టి కావచ్చు. అక్కడి నుంచి బయటపడే దారి, ప్రయాణించే మార్గం, కొత్త శరీరంలోకి ప్రవేశించే ద్వారం, అక్కడ దానిని ఎదుర్కొనే శక్తి లేకపోవడం - ఇవన్నీ గొలుసులోని కొంకుల్లా కుదిరితేనే వ్యాప్తి సాగుతుంది. ఏ ఒక్క కొంకి ఊడినా గొలుసు తెగుతుంది. ఏ కొంకిని ఊడదీయడం సులభమో వ్యాధివ్యాధికీ మారుతుంది.

సూక్ష్మజీవి గుట్టు తెలియకముందే మార్గాన్ని పట్టుకోవచ్చని 1854లో లండన్ వైద్యుడు జాన్ స్నో నిరూపించాడు. బ్రాడ్ స్ట్రీట్‌లోని చేతిపంపు నీరు తాగినవారే కలరా పాలవుతున్నారని ఇల్లిల్లూ తిరిగి తేల్చి, పంపు పిడిని తీయించాడు. అప్పటికే ఉద్ధృతి తగ్గుముఖం పట్టిందని ఆయనే ఒప్పుకున్నాడు. అయినా దారి దొరికింది. కలరా క్రిమిని రాబర్ట్ కాక్ కలకత్తాలో వేరుచేసి చూపడానికి ఇంకా ముప్పైయేళ్ళు పట్టింది.

2. ‘అమ్మవారు’: ఒకే పేరు, రెండు వ్యాధులు

ఒంటిమీద పొక్కులతోనో దద్దుర్లతోనో వచ్చే జ్వరాలను ‘అమ్మవారు పోసింది’ అనడం తెలుగునాట అనూచానంగా వస్తున్నది. మశూచి, తట్టు, ఆటలమ్మ మూడూ ఈ పేరు కిందికే వచ్చాయి. గుమ్మానికి వేపమండలు కట్టడం, బయటివారిని లోపలికి రానివ్వకపోవడం, రోగిని ఒక గదిలో ఉంచడం ఆచారాలు. వీటిని మూఢనమ్మకాలని ఒక్కమాటలో కొట్టివేయడం పరిశోధకుడికి తగదు. దేవత పేరుతోనే అయినా, వేపమండ కట్టిన గుమ్మం ‘ఇక్కడికి రావద్దు’ అని ఊరికి చెబుతుంది. రోగిని వేరుగా ఉంచడం ఆధునిక వైద్యం కూడా చెప్పేదే.

అయితే ఈ ఆచారం రెండు వ్యాధుల విషయంలో ఒకేలా ఫలించదు. కారణం కాలంలో ఉంది. మశూచి సోకిన మనిషి జ్వరం రాకముందు ఇతరులకు దానిని చేర్చడు. పొక్కులు లేచిన మొదటివారంలోనే వ్యాప్తి ఎక్కువ. అంటే కంటికి కనిపించే గుర్తు, వ్యాప్తి కాలం దాదాపు కలిసే నడుస్తాయి. గుమ్మానికి వేపమండ కట్టే వేళకు ప్రమాదం చాలామటుకు ఇంకా ఇంట్లోనే ఉంటుంది. మశూచి నిర్మూలన ఉద్యమం తుదిదశలో విజయం సాధించింది ఈ లక్షణం ఆధారంగానే. ఊరందరికీ టీకాలు వేయడంతో సరిపెట్టక, రోగిని వెదికి పట్టుకుని, అతని చుట్టూ ఉన్నవారికి వెంటనే టీకా వేసి వలయం బిగించారు. భారతదేశంలో చివరి కేసు 1975 మే నెలలో నమోదయింది. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ మశూచి నిర్మూలనను ప్రకటించింది.

తట్టు అలా కాదు. దద్దుర్లు కనిపించడానికి నాలుగురోజుల ముందునుంచే బిడ్డ దగ్గు, తుమ్ముల ద్వారా వైరస్‌ను గాలిలోకి వదులుతుంటాడు. రోగి గది విడిచి వెళ్ళాక కూడా రెండుగంటల వరకు ఆ గాలిలో వైరస్ నిలిచి ఉండగలదు. రోగనిరోధక శక్తి లేని సమూహంలో ఒక రోగి నుంచి సగటున 12 నుంచి 18 మందికి వ్యాపించగలదని అంచనా. దద్దుర్లు చూసి వేపమండ కట్టేసరికి బడిలోనూ వీధిలోనూ వ్యాధి నాటుకునే ఉంటుంది. వేరుచేయడం ఇక్కడ ఆలస్యమైన జాగ్రత్త. ముందే సిద్ధంగా ఉండగలిగేది టీకా మాత్రమే. అదీ సుమారు నూటికి 95 మందికి రెండు మోతాదులు అందితేనే సమూహానికి రక్షణ. పేరు ఒకటైనంత మాత్రాన రెండింటికీ ఒకే మర్యాద చాలదన్నమాట.

3. నీటిలోని దారి: గత్తర, నారికురుపు

తెలంగాణలో కలరాను ‘గత్తర’ అన్నారు. కోస్తాలో ‘మరిడి’ అన్నారు. నేడు గత్తర అంటే గందరగోళం. ఒకే ఇంట్లో ఒకరి తరవాత ఒకరు పడిపోయిన కాలపు భయం ఆ అర్థవిస్తృతిలో నిలిచి ఉంది. ఈ పేర్లు వ్యాధి తీవ్రతను, అది ఊరిమీద పడిన తీరును పట్టి ఇచ్చినంతగా దాని దారిని పట్టి ఇవ్వవు. కలరా దారి నీరు. ఆ నీటిలో కలిసిన మలం.

దారిని పేరు దాచిపెట్టడానికి నారికురుపు మరింత స్పష్టమైన ఉదాహరణ. నారి అంటే వింటితాడు. కాలిమీద పొక్కు చిట్లి, అందులోంచి దాదాపు మీటరు పొడవైన తెల్లని పురుగు తాడులా బయటికి వస్తుంది. దానిని పుల్లకు చుట్టి రోజుకు కాస్త చొప్పున లాగేవారు. పేరు చూపేది కాలిని, కురుపును. కాని పురుగు ప్రవేశించింది నోటి ద్వారా, అదీ ఏడాది కిందట. దిగుడుబావి నీటిలోని సైక్లాప్స్ అనే సూక్ష్మమైన నీటిపురుగుల లోపల ఈ పరాన్నజీవి పిల్లలు ఉంటాయి. ఆ నీటిని తాగిన మనిషి ఒంట్లో ఆడపురుగు ఏడాదిపాటు పెరిగి కాలికి దిగుతుంది. పొక్కు మంటను చల్లార్చుకోవడానికి రోగి కాలు నీటిలో పెట్టగానే వేలాది పిల్లలు మళ్ళీ బావిలోకి చేరతాయి. తాగినదానికీ, కురుపుకూ మధ్య ఏడాది ఎడం ఉన్నచోట కార్యకారణ సంబంధం అనుభవంతో అందేది కాదు.

దీనికి టీకా లేదు. పురుగును చంపే మందూ లేదు. అయినా ఆంధ్రప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రాల గ్రామాలను పీడించిన ఈ వ్యాధి దేశంలో లేకుండా పోయింది. నీటిని పలుచని గుడ్డతో వడకట్టడం, దిగుడుబావులను చేదబావులుగా మార్చడం, చేతిపంపులు వేయడం, కురుపున్నవారు నీటిలో దిగకుండా చూడడం, నీటిలో సైక్లాప్స్‌ను చంపే మందు కలపడం - నిర్మూలన కార్యక్రమం చేసింది ఇదే. చివరి కేసు 1996 జులైలో రాజస్థాన్‌లో నమోదయింది. 2000 ఫిబ్రవరిలో భారతదేశం నారికురుపు రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. వైద్యం చేతిలో ఏమీ లేనప్పుడు కూడా, దారి తెలిస్తే చాలునని చెప్పడానికి ఇంతకంటె దృష్టాంతం అక్కరలేదు.

4. చలిజ్వరం, మన్యపు జ్వరం

మలేరియాకు తెలుగులో రెండు పేర్లు ప్రసిద్ధం. చలిజ్వరం లక్షణాన్ని, మన్యపు జ్వరం స్థలాన్ని చెబుతాయి. ‘మలేరియా’ అనే ఇటాలియన్ మాటకు అర్థం చెడుగాలి. అడవిగాలి, అడవినీరు జ్వరాన్ని తెస్తాయన్న తెలుగువారి నమ్మకమూ, చిత్తడినేలల గాలిని నిందించిన ఐరోపా నమ్మకమూ ఒక్క కోవలోవే. స్థలాన్ని పట్టుకోవడంలో ఇద్దరూ పొరబడలేదు. స్థలంలోని ఏది అన్నది మాత్రం ఇద్దరికీ తెలియలేదు.

ఆ ప్రశ్నకు కీలకమైన జవాబు దొరికింది తెలుగునేలమీదనే కావడం విశేషం. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమను కోసి, దాని జీర్ణకోశపు గోడలో పరాన్నజీవి ఎదుగుతున్న దశను చూశాడు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియాపై పనిచేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటు ద్వారా దాటుతుందని నిరూపించాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆ బేగంపేట భవనం నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిధిలో ఉంది.

మలేరియా రోగిని తాకితే ఏమీ కాదు. కాని చికిత్స అందని రోగి దోమకు పరాన్నజీవిని అందించే నెలవు. అందుచేత రోగికి పూర్తి మోతాదు మందు వేయడం అతనికి వైద్యం, ఇరుగుపొరుగుకు నివారణ. ఇక దోమలన్నీ ఒకటి కావు. అనాఫిలిస్ రాత్రి కుడుతుంది కాబట్టి దోమతెర పనికివస్తుంది. డెంగీని మోసే ఈడిస్ పగలు కుడుతుంది. మురుగుకాలువలో కాక ఇంట్లోని డ్రమ్ములో, కూలర్‌లో, కొబ్బరిచిప్పలో నిలిచిన శుభ్రమైన నీటిలో గుడ్లు పెడుతుంది. బోదకాలును మోసే క్యూలెక్స్‌కు మురుగునీరే ఇష్టం. వీధికాలువలో మందు చల్లి డెంగీ పోయిందనుకునే చోట పొరపాటు దోమ విషయంలో కాదు, ‘దోమ’ అన్న ఒక్క మాట విషయంలో జరుగుతుంది.

5. అంటని సాంక్రామిక వ్యాధి

ధనుర్వాతం సాంక్రామిక వ్యాధి, అంటువ్యాధి కాదు. మట్టిలో, పేడలో ఉండే సూక్ష్మజీవి బీజాలు గాయం ద్వారా ప్రవేశిస్తాయి. రోగి నుంచి మరొకరికి చేరవు. ఈ భేదం కేవలం పారిభాషికం కాదు. తట్టు విషయంలో చుట్టూ ఉన్నవారు టీకా వేయించుకుంటే వేయించుకోని పసిబిడ్డకూ కొంత రక్షణ దొరుకుతుంది. ధనుర్వాతంలో ఆ అవకాశం లేదు. ఊరంతా టీకా వేయించుకున్నా, వేయించుకోనివాడి కాలిలో దిగిన మేకుకు ఊరి రక్షణ అడ్డురాదు. తల్లికి టీకా, శుభ్రమైన కాన్పు, బొడ్డుతాడుకు కొత్త బ్లేడు - ఈ మూడింటితోనే శిశువుల ధనుర్వాతం తగ్గుతూ వచ్చి, 2015లో భారతదేశం మాతా శిశు ధనుర్వాత నివారణను సాధించినట్లు గుర్తింపు పొందింది.

6. అంటు, అంటరానితనం

కుష్ఠు విషయంలో ‘అంటు’ అనే మాట చేసిన అపకారం లెక్కకు అందనిది. వ్యాధికారక క్రిమిని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ గుర్తించాడు. చికిత్స లేని రోగితో దీర్ఘకాలం సన్నిహితంగా ఉన్నవారికి ముక్కు, నోటి తుంపరల ద్వారా ఇది చేరుతుందని నేటి అవగాహన. అధికసంఖ్యాకులకు సహజంగానే దీనిని తట్టుకునే శక్తి ఉంటుంది. కరచాలనంతో, సహపంక్తి భోజనంతో, పక్కన కూర్చోవడంతో ఇది రాదు. బహుళ ఔషధ చికిత్స మొదలయ్యాక రోగి దీనిని ఇతరులకు చేర్చడు. వ్యాధి సోకిన తరవాత లక్షణాలు బయటపడడానికి సగటున అయిదేళ్ళు, ఒక్కోసారి ఇరవయ్యేళ్ళు పడుతుంది. కనుక ఊరిబయటికి పంపిన వేళకు ఆ వెలివేత ఎవరినీ కాపాడేది కాదు. పైగా వెలికి భయపడి మచ్చను దాచుకున్నవాడు చికిత్సకు దూరమై, నిజమైన నెలవుగా మిగిలిపోతాడు. మాట పుట్టించిన భయమే వ్యాప్తికి తోడ్పడిందని చెప్పడం అతిశయోక్తి కాదు. చట్టం సైతం ఈ భయాన్ని మోసింది. రోగులను వేరుగా నిర్బంధించడానికి వీలిచ్చిన 1898 నాటి చట్టం రద్దయింది 2016లో. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధనలు తొలగింది 2019లో.

అంటువ్యాధి, అంటరానితనం ఒకే ధాతువు నుంచి పుట్టిన మాటలు కావడం ఇక్కడ విస్మరించరానిది. ఒకటి శరీరధర్మానికి, మరొకటి సామాజిక హింసకు సంబంధించినది. కాని ‘తాకకూడదు’ అనే భావం రెండింటికీ పునాది. 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు ఆంగ్లంలోని మాటకు మక్కికి మక్కిగా ‘సామాజిక దూరం’ ప్రచారంలోకి వచ్చింది. కులం పేర దూరం పాటించిన చరిత్ర ఉన్న సమాజంలో ఈ మాట ఎలా ధ్వనిస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ ఏడాది మార్చిలోనే ‘భౌతిక దూరం’ అన్న అర్థంలోని మాటకు మారింది. తెలుగు పత్రికల్లో రెండూ కొంతకాలం పక్కపక్కనే సాగాయి. కోలుకుని ఇంటికి వచ్చినవారిని గడప తొక్కనివ్వని సంఘటనలు, శవదహనాన్ని అడ్డుకున్న సంఘటనలు వెలుగుచూసిన రోజులవి.

7. తుంపర, పొగ

కోవిడ్ తొలినెలల్లో ‘తుంపర’ అన్న మాట విరివిగా వాడుకలోకి వచ్చింది. తుంపర బరువైనది, కాస్త దూరం వెళ్ళి నేలరాలుతుంది. ఆ ఊహతోనే ఆరడుగుల గీతలు గీశారు, కూరగాయలు కడిగారు, తలుపు గడియలు తుడిచారు. ఇది గాలి ద్వారా వ్యాపించేది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి చివరలో గట్టిగా చెప్పింది కూడా. తరవాతి ఆధారాలు ఆ మాటను నిలవనివ్వలేదు. మాట్లాడినప్పుడు, పాడినప్పుడు, ఊపిరి వదిలినప్పుడు వెలువడే అతిసూక్ష్మ కణాలు మూసిన గదిలో పొగలా తేలుతూ పేరుకుంటాయి. పొగ అనుకున్నవాడు కిటికీ తెరుస్తాడు. తుంపర అనుకున్నవాడు బల్ల తుడుస్తాడు. క్షయకు కూడా ఇదే వర్తిస్తుంది. ఒళ్ళు కృశించడాన్ని చెప్పే ఆ పేరులో రోగి దగ్గుతో గాలిలో చేరే కణాల ఊసు లేదు.

2024 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వివిధ శాస్త్రాల నిపుణులతో సంప్రదించి వెలువరించిన పారిభాషిక నివేదికలో తుంపరలు, సూక్ష్మకణాలు అనే పాత విభజనను పక్కన పెట్టి, పరిమాణంతో నిమిత్తం లేకుండా అన్నింటినీ వ్యాధిని మోసే శ్వాసకణాలుగా పేర్కొన్నది. తెలుగు పారిభాషిక కోశాలలో ఈ భావనకు ఇంకా స్థిరపడిన మాట లేదు. ‘సాంక్రామిక శ్వాసకణాలు’ అనడం అర్థానికి సరిపోతుంది గాని, ఆశా కార్యకర్త నోట పలికే మాట కాదు. ‘ఊపిరితుంపర’ పలకడానికి సులభం; అయితే నేలరాలే ఊహ అందులో మళ్ళీ చొరబడుతుంది. ‘ఊపిరిపొగ’ శాస్త్రీయంగా సరికాకపోయినా, కిటికీ తెరిపించగల మాట.