పిల్లాడు ఫార్ములా కారు నడుపుతానంటే: నిబంధనలేమిటి, డబ్బు ఎక్కడ ఖర్చవుతుంది?

గో-కార్ట్ ట్రాక్‌లో పది నిమిషాలు తిరిగొచ్చిన పిల్లాడు "నేను రేసర్‌నవుతా" అంటే మన ఇళ్లలో సాధారణంగా రెండు జవాబులు వస్తాయి. "అది కోటీశ్వరుల ఆట, చదువు చూసుకో" అన్నది ఒకటి. "సరే, పొలం అమ్మైనా చేర్పిద్దాం" అన్నది రెండోది. రెండూ తొందరపాటు మాటలే. అమ్మాయి అడిగినా అంతే. తమిళనాడు, కర్ణాటకల్లో స్థిరపడిన తెలుగువారికి ఈ ఆట మరీ దూరమైనదేమీ కాదు. దీన్ని మధ్యతరగతికి కాస్త దగ్గరగా తెచ్చినవారిలో మొదట చెప్పుకోవలసిన మనిషి మన కోయంబత్తూరు వాడే.

ఆయన ఎస్. కరివర్ధన్. కుప్పుస్వామి నాయుడు స్థాపించిన లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందినవారు. విదేశీ రేసు కారు తెప్పించుకునే స్తోమత ఎంతమందికి ఉంటుంది? అందుకే ఆయన ఊరూరా దొరికే మారుతి 800 ఇంజన్‌తో ఒంటి సీటు కారు తయారు చేయించారు. చక్రాలు బాడీకి బయట ఉండే ఈ రకాన్నే ఓపెన్ వీల్ కారు అంటారు. దాని పేరు ఫార్ములా మారుతి. తర్వాత 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన తొలి భారతీయుడైన నారాయణ్ కార్తికేయన్ మొదటి రేసు శ్రీపెరుంబుదూరులో ఈ ఫార్ములా మారుతిలోనే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయారు. చెట్టిపాళయంలోని 2.1 కిలోమీటర్ల కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదిదే.

ఫార్ములా మారుతి వెనకున్న ఆలోచన ఇప్పటికీ నడుస్తోంది. చైన్లు తయారుచేసే కోయంబత్తూరు కంపెనీ ఎల్‌జీబీ పేరుతో వచ్చిన కార్లలో మారుతి సుజుకీ 1,300 సీసీ ఇంజన్ ఉంటుంది. పోటీదార్లందరికీ ఒకే రకం కారు, ఒకే కంపెనీ టైర్లు. ఇంజన్‌లో సొంత తెలివి చూపడానికి వీల్లేదు. రేసు అయ్యాక కార్లను స్క్రూటినీకి పంపి కొలుస్తారు, తూకం వేస్తారు. తేడా కనిపిస్తే ముందొచ్చినా లెక్కలోంచి తీసేస్తారు. చూడటానికి ఇది కఠినంగా అనిపిస్తుంది గానీ, ఖర్చును అదుపులో పెట్టేది ఈ నిబంధనే. ఇంజన్ మీద లక్షలు గుమ్మరించినంత మాత్రాన గెలిచే వీలు లేకపోతే గుమ్మరించడానికి ఎవరూ ముందుకు రారు.

పేర్ల దగ్గర ఒక చిక్కుంది. 2024 ఆగస్టు ఆఖర్లో చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రిపూట జరిగిన ఫార్ములా 4 వేరు, ఎల్‌జీబీ ఫార్ములా 4 వేరు. మొదటిది అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐఏ ప్రమాణాల కారు, బడ్జెట్ కూడా ఆ స్థాయిలోదే. రెండోది మన దేశపు ప్రాథమిక తరగతి. ఎవరైనా "ఫార్ములా 4లో సీటు ఇప్పిస్తాం" అంటే ఏ ఫార్ములా 4 అని ముందు అడగాలి.

డబ్బు విషయానికొద్దాం. కొత్తవాళ్లు కారు కొననక్కర్లేదు. జట్లు రౌండుకింత అని తీసుకుని కారు, మెకానిక్, ఇంధనం సమకూరుస్తాయి. కుటుంబాలు తరచు దెబ్బతినేది ఈ మొత్తం దగ్గర కాదు, దాని పక్కన రాసుండని వాటి దగ్గర. ఓపెన్ వీల్ కార్లలో చక్రానికి చక్రం తగిలితే సస్పెన్షన్ విరుగుతుంది. ఆ రిపేరు ఎవరి ఖాతాలో పడుతుంది? తప్పు ఎదుటివాడిదైతే? ప్రాక్టీసు రోజులు లెక్కలో ఉన్నాయా? టైర్లు ఎన్ని సెట్లు? వాన పడి రౌండు రద్దయితే డబ్బు తిరిగిస్తారా? ఈ ప్రశ్నలకు కాగితం మీద జవాబివ్వని జట్టుకు అడ్వాన్సు ఇవ్వకపోవడమే మంచిదని మా అభిప్రాయం. ఇంటి మీద అప్పు తెచ్చి సీజన్ నడపడం అసలే వద్దు. మొదటి ఏడాది చిన్నవో పెద్దవో గుద్దుడ్లు తప్పవు.

ఒంటి మీద వేసుకునే వాటిలో మాత్రం పొదుపు చూడకూడదు. బైకుకు వాడే ఐఎస్‌ఐ హెల్మెట్ ఇక్కడ పనికిరాదు. కారు రేసు హెల్మెట్ మంటను తట్టుకోవాలి. సూటు, గ్లోవ్స్, బూట్లు, లోపలి బనియను కూడా అంతే. మెడను కాపాడే హాన్స్ పట్టీ వేరుగా ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ధర కంటే ముందు లోపల కుట్టిన ప్రమాణం లేబుల్, దాని గడువు చూడాలి. హెల్మెట్ అయితే పాతది వద్దే వద్దు. 2023 జనవరిలో మద్రాసు ట్రాక్‌పై కె.ఇ. కుమార్ సెలూన్ కారు రేసులో ప్రాణం కోల్పోయారు. ఆయన దశాబ్దాల అనుభవమున్న రేసర్.

లైసెన్సు ఇచ్చేది మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ. వైద్య పరీక్ష తప్పనిసరి, మైనరైతే తల్లిదండ్రుల సంతకం కావాలి. మామూలు డ్రైవింగ్ లైసెన్సు దీనికి బదులు కాదు. జెండాలు కూడా కంఠతా రావాలి. పసుపు ఊపుతుంటే ముందు ప్రమాదముంది, ఓవర్‌టేక్ చేయకూడదు. నీలం కనిపిస్తే వెనక వేగమైన కారు వస్తోందని అర్థం. ఎరుపు కనిపిస్తే సెషన్ ఆగిపోయినట్టే. పసుపు కింద ఓవర్‌టేక్ చేసి శిక్ష పడితే "నేను చూడలేదు" అన్న సాకు చెల్లదు.

మేమైతే సూచించే వరుస ఇది: అద్దె కార్ట్, ఆ తర్వాత బెంగళూరు వైపు జరిగే కార్టింగ్ పోటీలు, ఆ పైన ఒకటి రెండు రోజుల శిక్షణ, అప్పుడే కొత్తవాళ్ల కోసమే ఉన్న జేకే టైర్ నోవిస్ కప్ లాంటి పోటీ. కార్టింగ్‌లో రెండేళ్లు ఎక్కువ పోయినా నష్టం లేదు.

స్టీరింగ్ పట్టుకోకుండా కూడా ఈ రంగంలోకి రావచ్చు. ఇంజనీరింగ్ విద్యార్థులు తామే ఓపెన్ వీల్ కారు తయారుచేసి పోటీపడే ఫార్ములా భారత్ జరిగేది కరి స్పీడ్‌వేలోనే. ట్రాక్ పక్కన జెండా పట్టే మార్షళ్లలో చాలామంది స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. ఫీజు కట్టే ముందు పిల్లాణ్ణి ఒక రేసు వారాంతం చెట్టిపాళయానికో ఇరుంగాట్టుకోట్టైకో తీసుకెళ్లండి. గ్యాలరీలో కూర్చోబెట్టి వదిలేయకుండా, అనుమతి దొరికితే జట్ల షెడ్ల వైపు కూడా తిప్పండి. విరిగిన సస్పెన్షన్ బిగిస్తున్న మెకానిక్ పక్కన వాడు ఎంతసేపు నిలబడతాడో చూడండి.